విత్తనం మనది... విధానం ఎవరిది?

"అమ్మాయి ఏం చదువుతోంది?" అని అడిగితే మన ఇళ్ళల్లో వచ్చే జవాబుల్ని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఇంజినీరింగ్, నర్సింగ్, బీఈడీ. బీఎస్సీ అయిపోయి ఇంట్లో ఉంటే "ఏదో బ్యాంకు పరీక్షలు రాస్తోందండీ" అంటాం. అంతే తప్ప, "శాస్త్ర సాంకేతిక విధానం మీద పరిశోధన చేస్తోంది, ఇరుగుపొరుగు దేశాల భద్రత ఆమె సబ్జెక్టు" అని చెప్పుకున్న తల్లిని మీరెప్పుడైనా చూశారా? ఒకవేళ ఎవరైనా చెప్పినా, "అంటే మిలిటరీలో చేరుతుందా?" అన్నదే మన రెండో ప్రశ్న. మూడోది మీకు తెలుసు. "మరి పెళ్ళి?"

ఇంతకీ ఏమిటీ చదువు? పేరు పెద్దదే గానీ విషయం మనకి కొత్తది కాదు. దేశం ఏ విజ్ఞానం మీద ఎంత డబ్బు ఖర్చుపెట్టాలి, ఏ విత్తనాన్ని, ఏ మందుని, ఏ యంత్రాన్ని అనుమతించాలి, దానివల్ల ఎవరు బాగుపడతారు, ఎవరు నష్టపోతారు అని ఆలోచించేది శాస్త్ర విధానం. పక్క దేశాలతో యుద్ధం రాకుండా చూసుకోవడం ఎలా, ఆయుధాలకి హద్దు ఎక్కడ, నదులూ గ్యాసూ ఎరువులూ ఎవరి చేతిలో ఉన్నాయి అని చూసేది ప్రాంతీయ భద్రత. ఈ రెండూ తెలిసి విశ్వవిద్యాలయాల్లో పాఠం చెప్పేవాళ్ళు, పుస్తకాలు రాసేవాళ్ళు, ప్రభుత్వం పిలిస్తే కమిటీల్లో కూర్చునేవాళ్ళు ఉంటారు. మన సంగతులు తేల్చేవాళ్ళలో వాళ్ళూ ఉంటారు. అక్కడ మన అమ్మాయిలు ఎందరున్నారన్నదే ఈ వారం మన ప్రశ్న.

"జమ్మికుంటకీ ఢిల్లీ కమిటీలకీ ఏం సంబంధం?" అంటారేమో. మన చేలో, మన ఇంట్లో ఉన్న సంబంధమే. చూద్దాం.

గింజ వెనక సంతకం

జమ్మికుంట అనగానే ఎవరికైనా పత్తి మార్కెట్టే గుర్తొస్తుంది. దసరా దాటిందంటే యార్డు నిండా తెల్లబంగారమే. ఆ పత్తి ఏరేది ఎక్కువగా ఆడవాళ్ళే. నడుం వంచి, గోళ్ళు చీలి, కాయ ముక్కలు గుచ్చుకుని చేతులు మండుతున్నా ఏరేది వాళ్ళే. కానీ ఏ పత్తి వేయాలన్నది వాళ్ళని అడిగి తేల్చింది కాదు.

మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది 2002 మార్చిలో. జన్యువులు మార్చిన పంటల్ని పరిశీలించే కేంద్ర కమిటీ ఆ నిర్ణయం తీసుకుంది. కొద్దేళ్ళకే మన చేలన్నీ బీటీ అయిపోయాయి. 450 గ్రాముల విత్తన ప్యాకెట్టు ధర 1,600 రూపాయలు దాటితే, అందులో పెద్ద వాటా జన్యువు హక్కులున్న కంపెనీకి రాయల్టీగా వెళ్ళేది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యతిరేక కమిషన్ ముందు ఫిర్యాదు చేసి పోట్లాడితే 2006లో ప్యాకెట్టు ధర 750 రూపాయలకి దిగింది. ఆలోచించండి, అలాంటి వాదన గెలవాలంటే వకీలు ఒక్కడే చాలడు. పేటెంటు అంటే ఏమిటో, రాయల్టీ ఎలా లెక్కగడతారో, ఆ జన్యువు విత్తనంలో చేసే పని ఎంతో తెలిసినవాళ్ళు కావాలి. అటు సైన్సూ ఇటు చట్టమూ రెండూ ఎరిగినవాళ్ళు కావాలి.

ఆ కథ అక్కడితో అయిపోలేదు. గులాబీ రంగు పురుగు బీటీకి లొంగకుండా పోయింది. ఇప్పుడు కలుపు మందు కొట్టినా చావని పత్తి విత్తనం దొంగచాటుగా పల్లెల్లోకి వస్తోంది. మన దేశంలో దానికి అనుమతి లేదు. ఏటా తొలకరి ముందు పోలీసులు ప్యాకెట్లు పట్టుకోవడం, పేపర్లో ఫోటోలు పడటం మామూలైపోయింది. అనుమతి ఇచ్చేయాలనేవాళ్ళున్నారు, వద్దనేవాళ్ళూ ఉన్నారు. కానీ ఒక్క మాట అడగాలి. కలుపు తీసేది ఎవరు? ఆడవాళ్ళే కదా! ఆ విత్తనం వస్తే రైతు ఇంటి ఇల్లాలికి కూలి ఖర్చు తగ్గుతుంది. కూలికి వెళ్ళే ఇల్లాలికి నెలల తరబడి పని పోతుంది. ఇద్దరూ ఒకే ఊరి వాళ్ళు. ఆ మందు వాసన ఇద్దరి ముక్కుకీ తగులుతుంది. ఈ లెక్క కాగితం మీద వేయాల్సింది ఎవరు? కలుపు కొడవలి ఎప్పుడూ చూడని మనిషి వేస్తే అందులో ఒక వరస తప్పకుండా ఖాళీగా మిగిలిపోతుంది.

యూరియా లైనులో యుద్ధం

2025 వానాకాలంలో తెలంగాణలో చాలాచోట్ల యూరియా కోసం జనం తెల్లవారకముందే సొసైటీల ముందు లైను కట్టారు. చెప్పులు, పట్టాదారు పాసుపుస్తకాలు వరసలో పెట్టి కూర్చున్నారు. మగవాళ్ళు పొలానికి వెళితే లైనులో ఆడవాళ్ళు నిలబడ్డారు. "బస్తా ఎందుకు దొరకడం లేదు?" అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. దిగుమతులు తగ్గాయన్నారు. చైనా ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టిందన్నారు. ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులతో రవాణా దెబ్బతిందన్నారు. మన రామగుండం ఫ్యాక్టరీ కొంతకాలం ఆగిందన్నారు.

రామగుండంలో 1980లో మొదలైన పాత ఎరువుల కర్మాగారం బొగ్గుతో నడిచేది. 1999లో మూతపడింది. దాని జాగాలో కట్టిన కొత్త ఫ్యాక్టరీ 2021లో ఉత్పత్తి ప్రారంభించింది. ఇది సహజవాయువుతో నడుస్తుంది. దేశంలో వాడే వాయువులో దాదాపు సగం బయటి దేశాల నుంచే రావాలి. వాటిలో ముఖ్యమైనది ఖతార్. అంటే గల్ఫ్‌లో ఓడ ఆగినా, ఉక్రెయిన్‌లో 2022లో యుద్ధం మొదలైనా, దాని సెగ మన వరి మడికి తగులుతుందన్న మాట. దీన్నే పెద్ద చదువుల్లో ప్రాంతీయ భద్రత అంటారు. మన భాషలో చెప్పాలంటే బస్తా దొరకడం, దొరక్కపోవడం. గల్ఫ్‌కి వెళ్ళిన కొడుకు క్షేమం కోసం టీవీ ముందు కూర్చున్న ప్రతి తల్లికీ ఈ పాఠం సగం వచ్చేసినట్టే. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ వైపు అలాంటి తల్లులు లేని ఊరు ఉందా?

అసలు 'భద్రత' అనే మాట మన ఉత్తర తెలంగాణకి ఇంకో విధంగానూ తెలుసు. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి రాత్రి తలుపు చప్పుడైతే వచ్చింది ఎవరో తెలియక పిల్లల్ని పొదువుకుని కూర్చున్న అమ్మలు మన జిల్లాల్లో ఎందరో. పుస్తకాల్లో ఈ విషయం ప్రభుత్వం వైపు నుంచో, ఉద్యమం వైపు నుంచో కనిపిస్తుంది. తలుపు లోపలి వైపు నుంచి రాసింది చాలా తక్కువ. భద్రత గురించి చదివే అమ్మాయికి ఇంతకంటే పెద్ద పాఠశాల ఎక్కడ దొరుకుతుంది?

మన జిల్లా ఒకప్పుడు ప్రయోగశాల

కరీంనగర్ జిల్లాకి శాస్త్ర విధానంతో పాత చుట్టరికం ఉంది. గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు తోళ్ళ శాస్త్రంలో ప్రపంచం మెచ్చిన శాస్త్రవేత్త. మద్రాసులోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థని నడిపి, 1971లో దేశంలోని ఎన్నో శాస్త్ర ప్రయోగశాలలని చూసే సీఎస్‌ఐఆర్‌కి అధిపతి అయ్యారు. ప్రయోగశాలల్లో పుట్టిన విద్య పల్లెకి చేరకపోతే ఎందుకని ఆయన పట్టుదల. ఆయన కాలంలోనే సీఎస్‌ఐఆర్ కరీంనగర్ జిల్లాని ఎంచుకుంది. ఒక వెనుకబడిన జిల్లాలో ఉన్న వనరులేమిటో చూసి, వాటికి తగిన సాంకేతిక విద్యని అక్కడికే తీసుకెళ్ళాలన్నది ఆలోచన. ఢిల్లీలో కూర్చున్న శాస్త్రవేత్తల కాగితాల మీద మన జిల్లా పేరు అలా ఎక్కింది.

ఆ తర్వాత 1981లో ఆయన జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 1985 జూన్ 23న కెనడా నుంచి తిరిగి వస్తుండగా ఐర్లండ్ తీరం దగ్గర కనిష్క విమానంలో బాంబు పేలింది. ఆ 329 మందిలో ఆయనా పోయారు. ప్రయాణికుడు ఎక్కని విమానంలోకి అతని సంచీ ఎక్కింది. సంచీకి మనిషిని జతచూసే చిన్న నియమం గట్టిగా పాటించి ఉంటే ఎంతమంది ఇళ్ళకి చేరేవారో! విజ్ఞానాన్ని పల్లెకి చేర్చాలన్న మనిషిని భద్రతలో జరిగిన లోపం పొట్టన పెట్టుకుంది. ఈ రెండు సబ్జెక్టులూ వేరువేరు కావని చెప్పడానికి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ అక్కర్లేదు.

నాయుడమ్మ గారు కూర్చున్న ఆ రెండు కుర్చీల్లోకీ తొలిసారి స్త్రీలు వచ్చింది ఒకే ఏడాది, 2022లో. ఫిబ్రవరిలో జేఎన్‌యూ ఉపకులపతిగా శాంతిశ్రీ ధూళిపూడి పండిట్ వచ్చారు. ఆమె పాత్రికేయుడు, రచయిత ధూళిపూడి ఆంజనేయులు గారి కూతురు. అంతర్జాతీయ సంబంధాలు ఆమె సబ్జెక్టు. ఆగస్టులో సీఎస్‌ఐఆర్ అధిపతిగా కలైసెల్వి వచ్చారు. ఆమె తిరునల్వేలి జిల్లాలోని చిన్న ఊరు అంబాసముద్రంలో తమిళ మీడియంలో చదువుకున్న మనిషి. సీఎస్‌ఐఆర్ పుట్టింది 1942లో. ఒక ఆడమనిషి ఆ కుర్చీ చేరడానికి 80 ఏళ్ళు పట్టింది! సంతోషించాలో, ఇంత ఆలస్యమా అని అడగాలో మీరే చెప్పండి.

వంగర నుంచి పోఖ్రాన్ దాకా

మన పక్కనే ఉన్న వంగర పి.వి. నరసింహారావు గారి ఊరు. ప్రధానిగా ఉన్న రోజుల్లో ఆయన శాస్త్ర సాంకేతిక శాఖని, అణుశక్తి, అంతరిక్ష విభాగాలని తన దగ్గరే ఉంచుకున్నారు. 1993లో అమెరికా ఒత్తిడి వల్ల రష్యా మనకి క్రయోజెనిక్ ఇంజను సాంకేతికత ఇవ్వడం మానుకుంది. 1995 డిసెంబరులో పోఖ్రాన్‌లో అణుపరీక్షకి జరుగుతున్న ఏర్పాట్లని అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి. పేపర్లకెక్కింది. పరీక్ష జరగలేదు. 1998 మే నెలలో వాజ్‌పేయి గారి హయాంలో జరిగింది. అదే నెల 28న పాకిస్తాన్ కూడా పరీక్ష చేసింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఉపగ్రహం తీసిన ఫోటోలో మట్టి కుప్ప చూసి అది ఏ పనో చెప్పాలంటే భౌతికశాస్త్రం రావాలి. చెప్పాక పక్క దేశం ఏం చేస్తుందో ఊహించాలంటే చరిత్ర, రాజకీయం తెలియాలి. ఒక మనిషిలో ఈ రెండూ కలవడం అరుదు. అలా కలిసిన తెలుగువారిలో సి. రాజామోహన్ ఒకరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అణు భౌతికశాస్త్రం ఎమ్మెస్సీ చదివారు. జేఎన్‌యూలో అంతర్జాతీయ సంబంధాల్లో డాక్టరేట్ చేశారు. అక్కడే ప్రొఫెసరుగా పనిచేశారు. జాతీయ భద్రతా సలహా మండలిలో సభ్యులయ్యారు. సింగపూర్‌లో దక్షిణాసియా అధ్యయన సంస్థకి డైరెక్టరుగా వెళ్ళారు. తెలుగునేల మీద సైన్సు ఎమ్మెస్సీ చదివిన మనిషి నడిచిన దారి ఇది. అదే ఎమ్మెస్సీ చదివిన మన అమ్మాయికి ఈ దారి ఉందని చెప్పినవాళ్ళెవరు?

చేసేది మనమే, తేల్చేది ఎవరు?

"ఆడవాళ్ళకి ఈ రంగం సరిపడదు" అనేవాళ్ళకి హైదరాబాద్ చూపిస్తే చాలు. అక్కడి డీఆర్‌డీవో ప్రయోగశాలలో అగ్ని క్షిపణుల పనికి నాయకత్వం వహించిన టెస్సీ థామస్ కేరళ అమ్మాయి. 2024 మార్చిలో ఎన్నో వార్‌హెడ్లని మోసుకెళ్ళే అగ్ని-5 ప్రయోగాన్ని నడిపించింది షీనా రాణి. క్షిపణి తయారుచేసే బల్ల దగ్గర స్త్రీలున్నారు. కానీ క్షిపణి ఎందుకు, ఎన్ని, ఎప్పుడు వద్దు అని మాట్లాడుకునే బల్ల దగ్గర మాత్రం ఇంకా వేళ్ళమీద లెక్కే. జాతీయ భద్రతా సలహా మండలిలో మొదటి మహిళా సభ్యురాలు మీనాక్షి గోపీనాథ్. భద్రత, శాంతి విషయాల్లో స్త్రీల గొంతు వినిపించాలని ఆమె 1999లో ఢిల్లీలో 'విస్కాంప్' అనే సంస్థ ప్రారంభించారు. మరుసటేడు, 2000 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి కూడా 1325వ తీర్మానం చేసి, శాంతి చర్చల్లో స్త్రీలకి చోటుండాలంది.

స్వీడన్‌కి చెందిన ఆల్వా మిర్డాల్ పేరు మన అమ్మాయిలకి చెప్పాలి. పిల్లల చదువుల మీద, కుటుంబ సంక్షేమం మీద పనిచేసిన మనిషి. 1955 నుంచి 1961 దాకా మన దేశంలో స్వీడన్ రాయబారిగా ఉన్నారు. తర్వాత జెనీవా నిరాయుధీకరణ చర్చల్లో తన దేశం తరఫున ఏళ్ళ తరబడి వాదించారు. అణ్వాయుధాల లెక్కలన్నీ నేర్చుకుని మరీ వాదించారు. 1982లో నోబెల్ శాంతి బహుమతి పొందారు. ఇల్లూ పిల్లలూ తెలిసిన మనిషికి బాంబుల లెక్క రాదన్నవాళ్ళకి అదే జవాబు.

మన దేశంలో శాస్త్ర విధాన తీర్మానం 1958లో వచ్చింది. ఆ తర్వాత 1983, 2003, 2013లో కొత్త విధానాలు వచ్చాయి. 2020 చివర్లో ఇంకో ముసాయిదా ప్రజల ముందు పెట్టారు. నిర్ణయాలు చేసే సంఘాల్లో స్త్రీలకి కనీసం 30 శాతం చోటుండాలని అందులో రాశారు. రాయడం బాగానే ఉంది. రేపు ఆ చోటు నిజంగా ఇచ్చిననాడు, వెళ్ళి కూర్చోడానికి జమ్మికుంట నుంచి, మంచిర్యాల నుంచి, ఉట్నూరు నుంచి ఒక అమ్మాయి తయారుగా ఉందా?

దారి ఉంది, రాళ్ళూ ఉన్నాయి

"గా సదువు సదివి ఏం జేస్తదమ్మా? పదేండ్లు ఎవలు ఆగుతరు?" అంటుంది నాయనమ్మ. ఆమె ప్రశ్నని తీసిపారేయలేం. ఈ చదువు పొడుగైనదే. డిగ్రీ, ఎమ్మెస్సీ లేదా ఎమ్మే, ఆ తర్వాత పీహెచ్‌డీ. ఉద్యోగాలు తక్కువ. విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు నింపకుండా ఏళ్ళు గడుపుతారు. తాత్కాలిక పోస్టుల్లో చాకిరీ ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాలు కుప్పలుగా చదవాలి. ఈ కష్టాలు దాచి ఆశపెట్టడం మంచిది కాదు.

కానీ ఉన్న దారులూ తెలియాలి. డిగ్రీ జమ్మికుంటలోనో, హుజూరాబాద్‌లోనో చదివినా ఫరవాలేదు. కాకతీయ, ఉస్మానియా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. జేఎన్‌యూలో శాస్త్ర విధాన అధ్యయన కేంద్రమూ, నిరాయుధీకరణ చదివే విభాగమూ ఉన్నాయి. బెంగళూరులో జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ ఉంది. యూజీసీ నెట్ పరీక్షలో 'రక్షణ, వ్యూహాత్మక అధ్యయనాలు' ఒక సబ్జెక్టు. అందులో జేఆర్‌ఎఫ్ వస్తే నెలకి 37,000 రూపాయలు. అమ్మాయిలకి వయసులో 5 ఏళ్ళ సడలింపు ఉంది. అంటే చదువుకి ఇల్లు అమ్మక్కర్లేదు. కట్నానికి దాచిన సొమ్ము ముట్టక్కర్లేదు.

పెళ్ళి మాట కూడా చెప్పుకుందాం. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేసే స్త్రీలకి మామూలు గడువు మీద మరో 2 ఏళ్ళు అదనం. ప్రసూతికి 240 రోజుల దాకా సెలవు ఉంది. పెళ్ళయి ఇంకో ఊరు వెళితే ఆ ఊరి విశ్వవిద్యాలయానికి పరిశోధనని మార్చుకోవచ్చు. ఈ నిబంధనల కాగితం ఎంతమంది అమ్మాయిల చేతికి వచ్చింది? గైడుకి తెలిసినా చెప్పడు, అత్తింటివాళ్ళకి తెలియదు, అమ్మాయి అడగదు. "ఇక చాలు" అని పరిశోధన మధ్యలో వదిలేస్తుంది. హక్కు ఉండి కూడా తెలియక పోగొట్టుకోవడం కంటే అన్యాయం ఏముంది?

అమ్మలకి ఒక మాట. ఇంటర్‌లో సైన్సు తీసుకున్న అమ్మాయి పేపరు చదివి "ఈ విత్తనానికి అనుమతి ఎవరిచ్చారు? ఈ ఓడ ఎందుకాగింది?" అని అడిగితే, "నీకెందుకే అవన్నీ" అనకండి. ఆ ప్రశ్నే ఈ చదువుకి మొదటి పాఠం. జవాబు మీకు తెలియకపోతే పంతులమ్మ దగ్గరికి పంపండి. జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్ళండి.

అధ్యాపకులకి ఇంకో మాట. కాలేజీలో కెరీర్ సభ పెడితే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళని, కోచింగ్ సెంటర్ల వాళ్ళని పిలుస్తున్నారు. ఏడాదికొక్కసారైనా కాకతీయ నుంచో, హైదరాబాద్ నుంచో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయిని పిలవండి. ఆమె నోటినుంచి వినే పది నిమిషాలు వంద కరపత్రాల పెట్టు.

ఇక అమ్మాయిలూ, మీకు. పత్తి చేను తెలుసు, యూరియా లైను తెలుసు, గల్ఫ్ నుంచి రాని ఫోను కోసం చూసిన రాత్రులు తెలుసు. ఢిల్లీ కమిటీలో కూర్చున్న చాలామందికి తెలియనివి మీకు పుట్టుకతోనే వచ్చాయి. వాళ్ళకి తెలిసిన లెక్కలూ చట్టాలూ నేర్చుకుంటే వస్తాయి. నేర్చుకోండి. వెళ్ళండి. మన పొలంలో ఏ గింజ పడాలో, మన ఇంటి తలుపు ఏ భయంతో వేసుకోవాలో వేరెవరో తేల్చేస్తుంటే చూస్తూ ఊరుకునే కాలం ఇక చాలు.